చిన్నమ్మ క్యాసెట్టూ, బిజినెస్ క్లాసూ

ఆడవాళ్ల ప్రయాణాల మీద నేను పీహెచ్‌డీ చేశాను. 1870లలో ఇంగ్లండు చూసొచ్చి, తెలుగులో రాసుకుని, దాన్ని తానే ఇంగ్లీషు చేసి 1876లో మద్రాసులో అచ్చువేయించిన పోతం జానకమ్మ రాఘవయ్య దగ్గర మొదలుపెట్టాను. నాయని కృష్ణకుమారి కాశ్మీర్ మీదుగా ఈ కాలపు అమెరికా యాత్రల దాకా వచ్చి ఆగాను. స్థలం, చలనం, స్వేచ్ఛ అనే మాటలు అందులో ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. అంత రాసిన మనిషి మొదటిసారి బిజినెస్ క్లాసులో కూర్చున్నప్పుడు చేసిన పని ఏమిటంటే, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని దారి వైపు చూస్తూ బిగుసుకుపోవడం.

2024లో అక్రాలో ఆసియా, ఆఫ్రికా స్త్రీల రచనల మీద ఒక సదస్సు జరిగింది. బెంగుళూరు నుంచి అడిస్ అబాబా, అక్కణ్ణుంచి అక్రా. వేములలో బయల్దేరి పులివెందుల, కదిరి మీదుగా బస్సులో బెంగుళూరు చేరేసరికే నడుము పట్టేసింది. సదస్సు వాళ్లు కొనిచ్చింది ఎకానమీ టికెట్టే. కౌంటర్లో అమ్మాయి వెనక సీట్లు నిండాయని చెప్పి, అక్రా దాకా ముందు సీటు రాసిచ్చింది. డబ్బు పెట్టి కొన్న సుఖం కాదు కాబట్టి దాని గురించి రాయడంలో కొంచెం మొహమాటం ఉంది. ఆ మొహమాటం ఈ వ్యాసంలో అక్కడక్కడా వినిపిస్తే క్షమించాలి.

టికెట్టు చూసి మా తమ్ముడు, "ఆఫ్రికా విమానమా అక్కా? ఎందుకైనా మంచిది, ఇంకోటి చూడు" అన్నాడు. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 1945 డిసెంబరులో పుట్టింది. 1946 ఏప్రిల్‌లో అడిస్ అబాబా నుంచి కైరోకి మొదటి విమానం నడిపింది. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. ఇవాళ ఆ ఖండంలో అదే అతి పెద్ద విమాన సంస్థ. 2015 నవంబరులో పైలట్ల దగ్గర్నుంచి అందరూ ఆడవాళ్లే నడిపిన విమానాన్ని బ్యాంకాక్ పంపింది. 2019 మార్చి 10న దాని బోయింగ్ 737 మాక్స్ కూలి 157 మంది పోయినప్పుడు, ముందుగా చాలామంది అనుమానించింది ఆఫ్రికా పైలట్ల శిక్షణనే. విమానం ముక్కును తనంతట తాను కిందికి తోసిన బోయింగ్ సాఫ్ట్‌వేర్ పాత్ర తర్వాత తేలింది. ఇవన్నీ తమ్ముడికి చెప్పాను. "అయినా" అన్నాడు. ఆ "అయినా"లో ఉన్నదంతా మనం ఆఫ్రికా గురించి చదవకుండానే నేర్చుకున్న పాఠం.

ఇక సీటు సంగతి. నేనెక్కిన విమానంలో ముందు భాగాన వరసకు ఆరు సీట్లు, రెండేసి చొప్పున. నాది కిటికీ పక్క. బటన్ నొక్కితే సీటు పూర్తిగా పరుచుకుని మంచమవుతుంది. దిండు, బొంత, మేజోళ్లు, చిన్న సంచిలో పళ్లపొడి దగ్గర్నుంచి పెదవులకు రాసుకునే జిగురు దాకా. అన్నీ బాగున్నాయి, బాగాలేవని చెప్పడం దొంగతనం. ఒక్కటే చిక్కు. పక్కాయన మంచం వేసుకుని నిద్రపోతే నేను బయటికి రావాలంటే ఆయన కాళ్లు దాటాలి. అందుకని రెండోసారి ఇచ్చిన జ్యూసు తాగలేదు. లక్షలు పోసే చోట కూడా ఒక ఆడమనిషికి బాత్రూముకు వెళ్లడం లెక్కలు వేసుకునే వ్యవహారంగానే మిగిలింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

బిజినెస్ క్లాసు ప్రయాణం మీద తెలుగులోనూ ఇప్పుడు బోలెడు రచన పోగుపడుతోంది. యాత్రా పుస్తకాల్లో ఒక అధ్యాయంగా, ఆదివారం అనుబంధాల్లో అనుభవంగా. దీన్ని సాహిత్య ప్రక్రియగా తీసుకుని చదవాలన్నది నా ప్రతిపాదన. ఆ రచనల వాక్యం గమనించండి. వేడి తువ్వాలు వచ్చింది. జ్యూసు వచ్చింది. భోజనం మూడు విడతలుగా వచ్చింది. పక్క పరిచారు. అన్నీ వస్తాయి, ఎవరూ తేరు. తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా గడుస్తుంది కదా, ఆ సౌకర్యాన్ని ఈ ప్రక్రియ పూర్తిగా వాడుకుంటుంది.

ఈ వాక్యం విమానంలో పుట్టింది కాదు. మన కథల్లో, నవలల్లో వందేళ్లుగా "కాఫీ వచ్చింది". పడక్కుర్చీలో కూర్చున్న మొగమనిషి ఏదో ముఖ్యమైన విషయం ఆలోచిస్తూ ఉంటాడు, వంటింటి వైపు నుంచి కాఫీ నడిచి వస్తుంది. మగవాళ్ల యాత్రా గ్రంథాల్లో "భోంచేసి బయల్దేరాం" అన్న వాక్యం వెనక పొద్దున నాలుగింటికి లేచి పులిహోర కలిపిన మనిషి ఉంటుంది, పుస్తకంలో ఉండదు. బిజినెస్ క్లాసు చేసేదల్లా ఆ పడక్కుర్చీని ముప్పైవేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్లి, టికెట్టు కొనగల ఆడవాళ్లకూ అందులో చోటివ్వడం. ఆ చోటు వచ్చిన గంటలోనే నేనూ ఫోనులో అక్కకు మెసేజ్ టైపు చేశాను: "భోజనం వచ్చింది." పంపకముందు చూసుకున్నాను. మార్చలేదు. మారిస్తే ఏం రాయాలో వెంటనే తోచలేదు.

విమానంలో పనిచేసే అమ్మాయిల నవ్వు మీద ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లోనే "ది మేనేజ్డ్ హార్ట్" రాసింది. డెల్టా ఎయిర్‌లైన్స్ శిక్షణను దగ్గర్నుంచి చూసి, ట్రాలీ తోయడం ఎంత శ్రమో మనసును తోమి నవ్వుగా మార్చడమూ అంత శ్రమేనని, దాన్ని కంపెనీ అమ్ముకుంటుందని చూపింది. మన దగ్గర అదే పని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1981 నాటి నర్గీష్ మీర్జా కేసులో, మొదటి గర్భంతోనే ఎయిర్‌హోస్టెస్‌ను ఇంటికి పంపే నిబంధనను కోర్టు కొట్టేసింది. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్నదాన్ని మాత్రం సమంజసమేనంది. ఈ రెండూ నేను పాఠం చెప్పే విషయాలే. అయినా నాకు వడ్డించిన అమ్మాయి పేరు ఛాతీ మీద బిళ్లలో ఉన్నా చదవడానికి నాకు రెండు గంటలు పట్టింది.

మెనూ కార్డు ఇంగ్లీషులోనూ అమ్హారిక్ లిపిలోనూ ఉంది. ఆ లిపిలోనూ గుణింతం ఉంది. ఒక్కో హల్లుకు ఏడు రూపాలు, మన తలకట్టు, గుడి, కొమ్ముల లాగా అక్షరానికే చిన్న చిన్న తోకలు. నాకు ఒక్కటీ చదవరాదు గానీ చూస్తూ ఉంటే రెండో తరగతి పలక గుర్తొచ్చింది. వాళ్ల దేశపు భోజనం తీసుకుంటారా అని అడిగింది అమ్మాయి. తెల్లటి నేతబట్టలు, అంచుకు రంగుల కుట్టు. తీసుకుంటానన్నాను. ఇంజెరా వచ్చింది. కాదు, ఆమె తెచ్చింది.

ఆవగింజకన్నా చిన్న గింజ టెఫ్. దాని పిండిని కొన్ని రోజులు పులియబెట్టి పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చే రొట్టె ఇంజెరా. బూడిద రంగు, పైనంతా సన్నటి చిల్లులు, దూదిలాంటి మెత్తదనం. తుంచి నోట్లో పెట్టుకోగానే పుల్లగా తగిలింది. ఆ పులుపు నేను ఇంతకు ముందు వినివున్నాను. తినలేదు, విన్నాను.

మా చిన్నమ్మ 2001లో కువైట్ వెళ్లింది. వేముల అంటే ఇప్పుడు బయటివాళ్లకు తుమ్మలపల్లె యురేనియం గని గుర్తొస్తుంది, అంతకుముందు ముగ్గురాయి గనులు. మాకు గుర్తుండేది ఎండిపోయిన బోర్లు. ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు, రాయచోటి, రాజంపేట వైపు మరీ ఎక్కువ. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండి ఉండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. చిన్నమ్మకు అప్పుడు ఇరవై నాలుగు. పాస్‌పోర్టులో ముప్పై ఒకటి. ఆ ఏడేళ్లకు కూడా ఏజెంటు డబ్బులు తీసుకున్నాడు.

ఫోను ఖరీదు కనక ఊరికి వచ్చేవాళ్ల చేత క్యాసెట్టు పంపేది. జేజి అరుగు మీద టేప్‌రికార్డరు పెడితే వీధి సగం కూర్చునేది. మొదటి క్యాసెట్టులో విమానం గురించి చెప్పింది: "నడుముకు పట్టీ కట్టుకోమన్నారు. యాడ తగిలించాల్నో తెలీక చేత్తో పట్టుకోని కూచ్చున్యా. ఒగామె వచ్చి కట్టింది. ఆయమ్మ చేతులు సల్లగుండాయి. నీళ్లిచ్చింది, తాగలా. తాగితే పోవాల్సొస్తాది గదా, యాడికి పోవాల్నో ఎవర్ని అడుగుదును? బొంబాయి కాన్నుంచి కువైట్ దాకా కాయితాలు రొమ్ముకు పెట్టుకోని అట్లే ఉండినా."

రెండోదాంట్లో ఇంకొకామె వచ్చింది. "ఈడ నాతోపాటు హబషామె ఉండాది. నాకన్నా సిన్నది. ఆమెకూ అరబీ రాదు, నాకూ రాదు, ఇద్దరం అరబీలోనే మాట్లాడుకుంటాం. సుక్కరవారం మేడం వాళ్లు బయటికి పోతే ఆమె వాళ్ల పుల్లదోసె పోసింది. మన దోసె మాదిరే గానీ దూది ఉన్నట్టుంటాది. నేను ఊరిమిండి నూరినా. ఇద్దరం కింద కూచ్చోని తిన్యాం."

అబిసీనియా మనిషిని అరబ్బులు పిలిచే మాట అది. మన దగ్గరికి వచ్చేసరికి రంగు మీద తిట్టయింది. చిన్నమ్మ నోట్లో అది ఏదీ కాదు, ఊరి పేరు తెలియని మనిషికి ఉన్న పేరు. పేరు అడగలేదా అని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "అడిగినా. తిరగలా నాలిక" అంది.

క్యాసెట్టులో వాక్యాన్ని చూడండి. ఆమె కట్టింది. ఆమె పోసింది. నేను నూరినా. ఒక్క పనీ తనంతట తాను జరగదు. చేతులు చల్లగా ఉన్నాయని కూడా ఉంది. విమానంలో నడుముకు పట్టీ కట్టిన మనిషి చేతులు ఎలా ఉన్నాయో చెప్పిన తెలుగు యాత్రారచన ఇంకొకటి నాకు తారసపడలేదు. పని చేసే మనిషి పనిని చూసే తీరు అది. చిన్నమ్మ తర్వాత పదకొండేళ్లు కడిగి, ఇస్త్రీ చేసి, మూతి ముడిస్తే జీతంలో కోత పడే ఇంట్లో నవ్వింది. హోష్‌చైల్డ్ సిద్ధాంతం ఆమెకు విప్పి చెప్పనక్కర్లేదు. ఇంటి పనివాళ్లకు వారానికో సెలవు, పన్నెండు గంటల హద్దు ఇచ్చే చట్టం కువైట్లో 2015లో వచ్చింది. ఆమె తిరిగొచ్చింది 2012లో.

మరి నా సిద్ధాంత గ్రంథంలో ఈ క్యాసెట్లు ఎక్కడున్నాయి? లేవు. పరిచయంలో ఒక వాక్యం రాశాను: "ఈ పరిశోధన ముద్రిత రచనలకు పరిమితం." ఎవరైనా రాసేదే. ఎవరూ ప్రశ్నించలేదు, వైవా కూడా సాఫీగా జరిగింది. ఆ ఒక్క వాక్యంతో కడప జిల్లా ఆడవాళ్ల అతి పెద్ద ప్రయాణం నా గ్రంథం బయట ఉండిపోయింది. చిన్నమ్మ మాత్రం లోపల ఉంది, కృతజ్ఞతల పేజీలో, మూడో పేరాలో. నా ఎం.ఏ. ఫీజూ, హాస్టలు మెస్సు బిల్లూ ఆ దినార్లలోంచి వచ్చాయి కాబట్టి. అధ్యాయాల్లో జానకమ్మ, కృతజ్ఞతల్లో చిన్నమ్మ. యాత్రికురాలు ఒకరు, యాత్రకు ఖర్చు పెట్టుకున్నవారు ఒకరు. వంటింటి కాఫీ వాక్యాన్ని వందేళ్ల రచయితల మీద నెట్టాను గానీ, నా గ్రంథం ఆ వాక్యంతోనే కట్టింది.

దారిలో చదువుకోవడానికి అమా అటా ఐడూ నవల "అవర్ సిస్టర్ కిల్‌జాయ్" తీసుకెళ్లాను. ఘనా రచయిత్రి, 2023లో చనిపోయింది. 1977లో వచ్చిన చిన్న పుస్తకం. కొంత వచనం, కొంత కవిత్వం, చివర ఉత్తరం. సిస్సీ అనే అమ్మాయిని యూరప్ చూసిరమ్మని పంపుతారు. ప్రయాణం మొదట్లోనే విమానంలో ఎయిర్‌హోస్టెస్ ఆమె దగ్గరికి వచ్చి, మీ స్నేహితులు వెనక ఉన్నారు, అక్కడ కూర్చోండని మర్యాదగా చెబుతుంది. ఆ స్నేహితులెవరో సిస్సీకి తెలియదు. వాళ్లూ నల్లవాళ్లు, అంతే. కాదంటే గొడవవుతుందని లేచి వెళ్తుంది. రెండు మూడు వాక్యాల్లో ఐడూ ముగించేసిన ఈ సంఘటన సీటు గురించి నేను చదివిన అత్యుత్తమ విమర్శ. సీటు అంటే మర్యాదగా చెప్పిన స్థానం. ఒక్క నవ్వుతో సిస్సీ వెనక్కి వెళ్లింది, ఒక్క నవ్వుతో నేను ముందుకు వెళ్లాను. ఎందుకని ఇద్దరమూ అడగలేదు.

జర్మనీలో సిస్సీ మొక్కలు నాటుతుంది, మారియా అనే ఇల్లాలు ఇచ్చే రేగుపళ్ల లాంటి ప్లమ్స్ తింటుంది. ఆ భాగాన్ని అందరూ పొగిడారు. నాకు గుచ్చుకున్నది లండన్ భాగం. చలిలో చవక బట్టలు వేసుకుని తిరిగే తన ఆడవాళ్లను చూసి సిస్సీ బాధపడుతుంది, చిరాకూ పడుతుంది. ఎందుకొచ్చారిక్కడికి, ఎందుకు వెళ్లిపోరు అని. ఆమె చూపు నిజమే, వలసపాలన చేసిన దగాను అంత సూటిగా చూపిన వాళ్లు తక్కువ. కానీ ఆమె టికెట్టు ఇంకెవరో కొన్నది, తిరుగు ప్రయాణం ఖాయమైనది. లండన్‌లో గదులు ఊడ్చే ఆడమనిషికి అలాంటి టికెట్టు లేదు, ఆమె నోటి వెంట సిస్సీ గురించి ఒక్క మాటా నవలలో లేదు. ఆ నిరసన చూపును నేను గుర్తుపట్టాను. చిన్నమ్మ మొదటి సెలవుకు వచ్చినప్పుడు, మెరిసే బుర్ఖా గుడ్డలూ సెంటు సీసాలూ పంచుతుంటే, ఇంటర్ చదివే నేను అలాగే చూశాను. ఐడూ మీద ఇది ఫిర్యాదు కాదు. ఆమె పుస్తకమే లేకపోతే నా చూపుకు పేరుండేది కాదు.

తిరుగు ప్రయాణం ఎకానమీలోనే. రాత్రి అడిస్ అబాబాలో విమానం మారాలి. వెళ్లేటప్పుడు పై అంతస్తు లాంజిలో సోఫాలో కూర్చుని సెగలు కక్కే బున్నా తాగిన విమానాశ్రయమే. వాళ్ల ఇళ్లలో గింజలు వేయించడం దగ్గర్నుంచి మూడు విడతలు పోసేదాకా చాలాసేపు సాగే ఆడవాళ్ల పని అది. లాంజిలో రెండు నిమిషాలు పట్టింది. ఈసారి కింది హాల్లో ఉన్నాను. గేట్ల ముందు వరసలు వరసలుగా చిన్న వయసు ఆడపిల్లలు, నేల మీద కూర్చుని. బీరూట్, రియాద్, కువైట్. గల్ఫ్‌లో తమ ఆడవాళ్లు పడుతున్న పాట్లు చూసి ఇథియోపియా 2013లో ఈ వలసను నిషేధించింది, 2018లో ఎత్తేసింది. నిషేధం ఉన్నన్నాళ్లూ వాళ్లు వెళ్లకుండా ఏమీ ఆగలేదు, దొంగదారులు పట్టారు. మన ముప్పై ఏళ్ల నిబంధన చిన్నమ్మను ఆపినట్టే.

నా పక్కన కూర్చున్న పిల్లకు ఇరవై ఉంటాయేమో. ప్లాస్టిక్ కవరులో కాగితాలు, రెండు చేతులతో ఛాతీకి అదుముకుని. బోర్డింగు పాసు చూపి ఏదో అడిగింది. గేటు నంబరు కోసమని అర్థమై వేలితో చూపించాను. "కువైట్?" అన్నాను. "కువైట్" అంది. చిన్నమ్మ దగ్గర విన్న అరబీ మాటలు నాలుగు గుర్తున్నాయి, వంటిల్లు, నీళ్లు, ఇవ్వు, రేపు. ఏ ఒక్కటీ అనాలనిపించలేదు. నీళ్ల సీసా ఇచ్చాను. తీసుకుంది, మూత తీయలేదు. బాత్రూము ఎటో చూపించాను. లేచి, కాగితాల కవరు పట్టుకుని వెళ్లింది, వచ్చాక సీసా సగం తాగింది.

అయిదు క్యాసెట్లలో ఇప్పుడు రెండే మిగిలాయి. ఒకదాని రీలుకు బూజు పట్టింది. కడపలో ఒక స్టూడియో అతను బాగుచేసి పెన్‌డ్రైవులో వేసిచ్చాడు. వేములలో చిన్నమ్మను కూర్చోబెట్టి వినిపించాను. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుల్లదోసె దగ్గర ఆపమంది. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నా ప్రయాణం అడిగింది. విమానంలో మంచం వేశారని చెబితే నమ్మలేదు. "పండుకోని పోయినావా? మరి బయటికి పోవాలంటే ఎట్లమ్మే?" అంది. పక్కాయన కాళ్ల సంగతి చెప్పాను. "అదే మల్ల" అంది. ఐడూ నవల కథ కూడా చెప్పాను. చివర్లో సిస్సీ ఇంటికి వెళ్లే విమానంలో కూర్చుని ప్రేమించినవాడికి పొడుగాటి ఉత్తరం రాస్తుంది. ఎందుకు తిరిగి వెళ్తున్నదీ అంతా రాస్తుంది. కిటికీలోంచి ఆఫ్రికా కనిపించాక ఇక పోస్టు చేయనక్కర్లేదనుకుంటుంది. ఈ ముగింపును నేను సదస్సులో ఇరవై నిమిషాలు మెచ్చుకున్నాను. స్త్రీ తన కోసం తాను రాసుకున్న పాఠం అన్నాను.

చిన్నమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది.

"అంత దూరం నుంచి రాసి పంపలేదా? పంపేదానికి మనిషి దొరక్క నేను నాలుగు నెలలు ఆ క్యాసెట్టు బీరువాలో దాచిపెట్టుకుంటిని" అంది.